యాంప్ రెండు నిమిషాలకే ఎర్రలైటు వేసి ఆగిపోతోంది, దయచేసి ఎవరైనా చెప్పండి

కాకినాడ కారు:
ఉదయం పదింటికి డిక్కీలో దూరాను, ఇప్పుడు సాయంత్రం నాలుగు దాటింది. నడుము పట్టేసింది. కొత్తగా కొన్న 12 అంగుళాల సబ్‌వూఫర్లు (బాస్ స్పీకర్లు) రెండు, వాటిని నడిపే యాంప్ బిగించాను. రెండూ 4 ఓమ్‌లవే. యాంప్ మీద కూడా 4 ఓమ్ అనే రాసి ఉంది. అంటే సరిపోయినట్టే కదా? శబ్దం తక్కువగా పెట్టినంతసేపూ హాయిగా పాడుతుంది. స్టీరియోలో 18 దాటిస్తే చాలు, రెండు నిమిషాల్లో ఎర్రలైటు వెలిగి ఆగిపోతుంది. కాసేపు ఆగి మళ్లీ వేస్తే మళ్లీ అదే కథ. ఎర్త్ మూడుసార్లు విప్పి, కింద పెయింటు గీకి గట్టిగా బిగించాను. స్టీరియో నుంచి యాంప్‌కు పాట తెచ్చే ఆర్‌సీఏ తీగలు మార్చాను. కొన్న షాపులో అడిగితే ఈ యాంప్ చాలదు, పెద్దది తీసుకోండి అన్నారు. సగం జీతం పెట్టి కొన్నాను, ఇంకొకటి కొనే స్తోమత నాకు లేదు. ఆదివారం ఇంట్లోవాళ్లతో అన్నవరం వెళ్లాలి, ఈలోగా తేలాలి. దయచేసి చెప్పండి.

మీటర్ మనిషి:
ఒక్కో సబ్‌కు టెర్మినళ్లు ఎన్ని? యాంప్ ఎన్ని ఛానళ్లది? ఎలా కలిపారు?

రాగి తీగ:
తమ్ముడూ, ముందు తీగ సంగతి చెప్పు. నూటికి తొంభై మంది ఇక్కడే దెబ్బ తింటారు. షాపుల్లో కిట్ అని అమ్మేది చాలావరకు రాగి పూత పూసిన అల్యూమినియం. కొనను కత్తితో గీకి చూడు, లోపల తెల్లగా మెరిస్తే అదే. అల్యూమినియం వాహకత రాగిలో దాదాపు 60 శాతమే. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా నాలుగైదు మీటర్ల తీగ ఉంటుంది కాబట్టి, శబ్దం పెంచగానే వోల్టేజీ పడిపోయి యాంప్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. నేనైతే 16 చదరపు మిల్లీమీటర్ల అసలు రాగి తీగ తప్ప వేరేది ముట్టుకోను. ఇంకొక మాట, ఫ్యూజు బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపు ఉండాలి. యాంప్ పక్కన పెట్టిన ఫ్యూజు యాంప్‌ను కాపాడుతుంది, తీగను కాపాడదు. దారిలో ఎక్కడైనా తీగ ఒరుసుకుని బాడీకి తగిలితే బండి కాలిపోతుంది. ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని వెళ్తానంటున్నావు, అందుకే ఇంత చెబుతున్నాను.

డిక్కీ వడ్రంగి:
పెట్టె కొలతలు ఇవ్వలేదు మీరు. మూసిన పెట్టెనా, గొట్టం ఉన్న పెట్టెనా? రెండు సబ్‌లకు ఒకటే గదా, మధ్యలో పలక ఉందా? 12 అంగుళాల సబ్‌కు మూసిన పెట్టె అయితే సుమారు 30 లీటర్ల చోటు కావాలి. రెడీమేడ్ పెట్టెల్లో 12 మిల్లీమీటర్ల పలక వేస్తారు, అది వణుకుతుంది. 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ కోయించి, లోపలి అంచులన్నిటికీ జిగురు పట్టించండి. వాట్లు వాట్లు అని అందరూ కొట్టుకుంటారు కానీ బాస్ పుట్టేది పెట్టెలోనే.

కాకినాడ కారు:
అన్నా, పెట్టె సంగతి తర్వాత చూద్దాం. నాది శబ్దం బాగాలేదన్న గొడవ కాదు, అసలు ఆగిపోతోంది. తీగ కిట్‌దే, 8 గేజ్. ఒక్కో సబ్‌కు టెర్మినళ్లు నాలుగు. ఎరుపులు రెండూ కలిపి, నలుపులు రెండూ కలిపి, రెండో సబ్‌నూ అలాగే కలిపి, అన్నీ తెచ్చి యాంప్‌కు ఇచ్చాను. యాంప్ రెండు ఛానళ్లది, రెండూ కలిసి ఒకటిగా నడిచేలా బ్రిడ్జ్ చేశాను. అందరూ ఇలాగే కదా చేసేది, అందుకే రాయలేదు.

మీటర్ మనిషి:
రాయాల్సింది అదే. నాలుగు టెర్మినళ్లంటే ఒక్కో సబ్‌లో రెండు కాయిళ్లు, అంటే కోన్‌ను కదిలించే తీగచుట్టలు. సబ్ మీద 4 అంటే ఒక్కో కాయిల్‌కు 4. మీ దగ్గర నాలుగు కాయిళ్లు ఉన్నాయి. అన్నీ సమాంతరంగా కలిపారు. యాంప్‌కు కనిపిస్తున్నది 1 ఓమ్.

విశాఖ బాస్:
1 ఓమ్ అయితే ఇంకా మంచిదే కదా, పవర్ ఎక్కువ వస్తుంది. నేను మూడేళ్లుగా 1 ఓమ్ మీదే నడుపుతున్నాను.

మీటర్ మనిషి:
మీది మోనోబ్లాక్, ఒకే ఛానల్ యాంప్. ఆయనది బ్రిడ్జ్ చేసిన రెండు ఛానళ్లది. రెండూ ఒకటి కాదు.

ట్రిపుల్‌ఈ మాస్టారు:
మీటర్ మనిషి గారు చెప్పింది అక్షరాలా నిజం, కాస్త విడమరచి చెబుతాను. యాంప్‌ను బ్రిడ్జ్ చేసినప్పుడు రెండు ఛానళ్లూ ఎదురెదురుగా నిలబడి ఒకే లోడ్‌ను పంచుకుంటాయి. 4 ఓమ్ తగిలిస్తే ఒక్కో ఛానల్‌కు అది 2 ఓమ్‌లా కనిపిస్తుంది. బ్రిడ్జ్‌లో కనీసం 4 ఓమ్ ఉండాలని రాసేది అందుకే. మీరు 1 ఓమ్ ఇచ్చారు, ఒక్కో ఛానల్ అరఓమ్ మోస్తోంది. బ్రిడ్జ్‌లో 4 ఓమ్‌కు యాంప్ ఎన్ని వాట్లు ఇస్తుందని రాసి ఉంది? 400 అనుకుందాం. వాట్లను ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీస్తే 40 వోల్టులు. ఆ 40 వోల్టులు 4 ఓమ్ మీద 10 ఆంపియర్లు నడిపిస్తాయి. అవే 40 వోల్టులు 1 ఓమ్ మీద 40 ఆంపియర్లు అడుగుతాయి, అంటే 1600 వాట్లు. ఆ ట్రాన్సిస్టర్లు అంత ఇవ్వలేవు. శబ్దం తక్కువలో వోల్టులు తక్కువ కాబట్టి నెట్టుకొస్తోంది, పెంచగానే చేతులెత్తేస్తోంది. షాపువాళ్లు చెప్పినట్టు యాంప్ చిన్నదై కాదు.

మీకు ఒక అదృష్టం ఉంది. ఒక్కో సబ్‌లో రెండు కాయిళ్లనూ శ్రేణిలో కలిపితే 8 ఓమ్. అలాంటి రెండు సబ్‌లను సమాంతరంగా కలిపితే 4. మీ యాంప్‌కు కావలసింది సరిగ్గా అదే. పైసా ఖర్చు లేదు.

మాటల్లో ఒక సవరణ కూడా. ఇక్కడ అందరూ ఓమ్ అని ఊరుకుంటున్నారు. మీటరు చూపేది నిరోధం. సబ్ మీద రాసేది అవరోధం, ఇంపిడెన్స్. అది పౌనఃపున్యాన్ని బట్టి మారుతుంది. 4 ఓమ్ కాయిల్ మీటరు మీద 3.4 దగ్గర చూపుతుంది, అనునాద పౌనఃపున్యం దగ్గర ఎన్నో రెట్లు పెరుగుతుంది.

రాగి తీగ:
మాస్టారూ, కారు కింద పడుకుని తీగ లాగేవాడికి అవరోధం, నిరోధం తేడా ఎందుకండీ? ఓమ్ అంటే ఓమే. కుర్రవాడిని భయపెట్టకండి.

ట్రిపుల్‌ఈ మాస్టారు:
ఎందుకంటే మీటరులో 3.4 చూసి, సబ్ పాడైందని తిరిగి ఇచ్చేసినవాళ్లను నేను చూశాను. మాట తెలిస్తే ఆ పొరపాటు జరగదు. అలాగే యాంప్‌ల మీద రాసే ఆర్‌ఎంఎస్ (వర్గాల సగటుకు వర్గమూలం) వాట్లు అనే మాట కూడా శాస్త్రరీత్యా తప్పు. ఆర్‌ఎంఎస్ అనేది వోల్టుకు, కరెంటుకు. దాని నుంచి లెక్కకట్టేది సగటు శక్తి.

విశాఖ బాస్:
యాంప్ మీద ఆర్‌ఎంఎస్ అనే రాసి ఉంది. కంపెనీకి తెలియదా?

ట్రిపుల్‌ఈ మాస్టారు:
అదే యాంప్ అట్ట మీద 1800 వాట్లు అనీ రాసి ఉంటుంది తమ్ముడూ, అదీ నమ్ముతావా? కారు యాంప్‌ల వాట్లు కొలిచే సీఈఏ 2006 ప్రమాణం ప్రకారం కొలిచిన అంకె ఉంటే దాన్ని నమ్ము. 14.4 వోల్టుల దగ్గర, 4 ఓమ్ లోడ్‌కు, 1 శాతానికి మించని వక్రీకరణతో కొలుస్తారు.

డిక్కీ వడ్రంగి:
పెట్టెలో పెట్టాక అవరోధం ఇంకా మారుతుంది. అందుకే కొలతలు అడిగాను. ఎవరూ పట్టించుకోరు.

కాకినాడ కారు:
మీటరు పక్కింటివాళ్లను అడిగి తెచ్చాను. ప్రోబులు రెండూ తాకిస్తే 0.2. యాంప్ దగ్గర తీగలు విప్పి కొలిస్తే 1.0. అంటే 0.8 అన్నమాట. ఇంతసేపూ దీని మీద నడిపానా! యాంప్ మీద బ్రిడ్జ్‌లో 400 అనే ఉంది. శ్రేణిలో కలపడం అంటే ఏ టెర్మినల్ దేనికి ఇవ్వాలో చెప్పండి.

మీటర్ మనిషి:
మొదటి కాయిల్ నలుపు నుంచి రెండో కాయిల్ ఎరుపుకు చిన్న తీగ ముక్క. మిగిలిన ఎరుపు, మిగిలిన నలుపు బయటికి. రెండో సబ్ కూడా అంతే. బయటికొచ్చిన ఎరుపులు ఒకచోట, నలుపులు ఒకచోట.

ట్రిపుల్‌ఈ మాస్టారు:
కలిపాక ఒక్కో సబ్‌ను 1.5 వోల్టుల సెల్‌తో పరీక్షించండి. సెల్ ప్లస్‌ను బయటికొచ్చిన ఎరుపుకు, మైనస్‌ను నలుపుకు ఒక్క క్షణం తాకించి తీయండి. కోన్, అంటే సబ్ ముందు కదిలే శంకువు, కొద్దిగా ముందుకు రావాలి. కదలకపోతే కాయిళ్లు రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటున్నాయని అర్థం. ఇది మీటరు చెప్పలేదు, రెండు సందర్భాల్లోనూ ఒకే అంకె చూపుతుంది.

కాకినాడ కారు:
గోడ గడియారంలోని సెల్ తీసి చూశాను. మొదటిది వేలు ఆనిస్తే తెలిసేంతగా ముందుకొచ్చింది. రెండోదానిలో చలనం లేదు. చూస్తే నలుపు నలుపుకే ఇచ్చాను. మార్చాక అది కూడా కదిలింది. ఇప్పుడు మీటరులో 3.6.

ట్రిపుల్‌ఈ మాస్టారు:
ప్రోబుల 0.2 తీసేస్తే 3.4. సరిగ్గా రావలసిందే వచ్చింది. ఇక యాంప్ మీది గెయిన్ పూర్తిగా తిప్పి పెట్టకండి, అది శబ్దం పెంచే బిరడా కాదు, స్టీరియో సంకేతానికి యాంప్‌ను సరిపెట్టేది. ముందు స్టీరియోలోనూ యాంప్‌లోనూ బాస్ బూస్ట్ తీసేయండి. సబ్‌ల తీగలు విప్పి, 50 హెర్ట్జ్ స్వరం వేసి, స్టీరియోను మూడు వంతుల దాకా పెంచండి. మీటరును ఏసీలో పెట్టి, యాంప్ బయటి తీగల దగ్గర 40 వోల్టులు వచ్చేదాకా గెయిన్ తిప్పి ఆపండి. ఒక్కో సబ్‌కు 200 వాట్లు అందుతాయి. సబ్ మీద రాసిన సగటు శక్తి ఎంత?

కాకినాడ కారు:
300.

మీటర్ మనిషి:
చాలు.

విశాఖ బాస్:
300 సబ్‌కు 200 ఇస్తే తక్కువ పవర్‌తో కాయిల్ కాలిపోతుందంటారు కదా?

ట్రిపుల్‌ఈ మాస్టారు:
తక్కువ పవర్ దేన్నీ కాల్చదు. చిన్న యాంప్‌ను దాని శక్తికి మించి తోసినప్పుడు తరంగం పైనా కిందా తెగిపోతుంది, అప్పుడు రాసినదానికన్నా ఎక్కువ శక్తి కాయిల్‌లోకి పోతుంది. కాల్చేది ఆ ఎక్కువే. గెయిన్‌ను కొలిచి పెట్టమనేది అందుకే.

రాగి తీగ:
400 వాట్లు ఇవ్వాలంటే ఈ రకం యాంప్ బ్యాటరీ నుంచి దగ్గరదగ్గర 50 ఆంపియర్లు లాగుతుంది. ఆ 8 గేజ్ అల్యూమినియం దానికి చాలదు తమ్ముడూ. ఫ్యూజు ఎక్కడుందో ఇప్పటికీ చెప్పలేదు.

కాకినాడ కారు:
నలభై నిమిషాలుగా 25లో పాడుతోంది, ఎర్రలైటు లేదు. యాంప్ మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది, ఇందాక ముట్టుకోలేకపోయాను. అందరికీ ధన్యవాదాలు. ఫ్యూజు యాంప్ పక్కనే ఉంది అన్నా, శనివారం బ్యాటరీ దగ్గరికి మారుస్తాను.

రాగి తీగ:
తీగ?

డిక్కీ వడ్రంగి:
పెట్టె కొలతలు పెట్టండి, పాడుతున్నా సరే.

నల్లగొండ నుంచి:
ఇదంతా చదివాను. నా దగ్గర ఒకే సబ్ ఉంది, 2 ఓమ్ కాయిళ్లు రెండు. మోనోబ్లాక్ కనీసం 2 ఓమ్ అడుగుతోంది. 2 రావాలంటే ఎలా కలపాలి?

మీటర్ మనిషి:
రాదు. 1 లేదా 4. మీ యాంప్‌కు 4 పెట్టండి.