డంబెల్ దించేటప్పుడు పనిచేసే కండరం ఏది?

ప్రశ్న:
మోచేతిని మడిచేది దండ ముందువైపున్న బైసెప్స్ అనీ, చాచేది వెనుకవైపున్న ట్రైసెప్స్ అనీ చదువుకున్నాను. ఆ లెక్కన డంబెల్‌ను ఎత్తేటప్పుడు బైసెప్స్, దించేటప్పుడు ట్రైసెప్స్ పనిచేయాలి. కానీ అలసట అంతా చేతి ముందువైపే తెలుస్తోంది. పైగా రెండో చేతి సాయంతో పైకి తెచ్చి, నెమ్మదిగా దించడం మాత్రమే చేసినప్పుడు మర్నాడు నొప్పి ఇంకా ఎక్కువైంది. కారణం ఏమిటి?

మొదటి జవాబు:
కీలు ఎటు కదులుతోందన్నది కాదు, బరువు దానిని ఎటు లాగుతోందన్నది చూడాలి. దించేటప్పుడు మోచేతిని చాచేది భూమ్యాకర్షణే. డంబెల్ దభీమని పడిపోకుండా, చేదను బావిలోకి దించేవారు తాడును కొద్దికొద్దిగా వదిలినట్లు, బైసెప్స్ పట్టు సడలిస్తూ వస్తుంది. కండరం బిగుసుకుని కురచవుతుంటే కాన్సెంట్రిక్ అనీ, బిగువు తగ్గకుండానే సాగుతుంటే ఎక్సెంట్రిక్ అనీ, పొడవు మారకుండా బిగిసి ఉంటే ఐసోమెట్రిక్ అనీ అంటారు. మోచేతులు, కాలివేళ్ల మీద ఒంటిని కదలకుండా నిలిపే ప్లాంక్ ఈ మూడో రకం. దించుతూ ఎడమచేత్తో కుడి దండను పట్టి చూడండి, తెలిసిపోతుంది.

రెండో జవాబు:
నొప్పి సంగతి చెబుతాను. కండరపు పోగులో మయోసిన్ అనే ప్రోటీన్ తలలు ఆక్టిన్ అనే మరో ప్రోటీన్ తంతువులను పట్టుకుని లాగుతాయి. బిగిసి ఉన్న పోగును బరువు సాగదీస్తే ఆ పట్లు బలవంతంగా విడిపోవలసి వస్తుంది కనుక, ఒక్కో పోగు తక్కువ శక్తి ఖర్చుతోనే ఎక్కువ బలాన్ని తట్టుకుంటుంది. అందుకే అదే బరువును దించడానికి నాడీవ్యవస్థ తక్కువ పోగులను పిలుస్తుంది; భారమంతా ఆ కొద్దిపాటి వాటిమీదే పడి సూక్ష్మంగా దెబ్బతింటాయి. ఈ నొప్పి సాధారణంగా 24 నుంచి 72 గంటల మధ్య ముదురుతుంది. కొన్నాళ్లకు అదే వ్యాయామం మళ్లీ చేస్తే ఇంత బాధ ఉండదు. 1952లో రెండు సైకిళ్లను వెనుకలకు వెనుకలు పెట్టి ఒకే గొలుసుతో కలిపి చేసిన ప్రయోగంలో, ముందుకు తొక్కినవారి కంటే పెడళ్లను అడ్డుకున్నవారికి, అంటే కండరాలు సాగుతూ పనిచేసినవారికి, ఆక్సిజన్ చాలా తక్కువ సరిపోయింది.

మూడో జవాబు:
చిన్న సవరణ. జిమ్‌లో ద్రవం ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ యంత్రం రెండు వైపులా అడ్డుపడుతుందే తప్ప తానుగా వెనక్కి లాగదు. దానిమీద మడవడం బైసెప్స్ పని, చాచడం ట్రైసెప్స్ పని, రెండూ కాన్సెంట్రిక్కే. మీ లెక్క అక్కడ సరిగ్గా సరిపోతుంది!

ప్రశ్న అడిగినవారు:
పట్టి చూశాను. దించుతున్నంతసేపూ బైసెప్స్ రాయిలా ఉంది, వెనుకవైపు మెత్తగానే ఉంది.