‘దుష్ప్రభావం’ అన్న మాట ఇక్కడ సరిపోతుందా?

ప్రశ్న: రక్తం సరిగా గడ్డకట్టని జబ్బులున్నవారికి పన్ను తీసే ముందో, చిన్న శస్త్రచికిత్సకు ముందో రక్తస్రావం కాకుండా ఇచ్చే మందుల గురించి ఒక కరపత్రం రాస్తున్నాను. ‘సైడ్ ఎఫెక్ట్స్’ అన్నచోట ‘దుష్ప్రభావాలు’ అంటే సరిపోతుందా?

జవాబు: పత్రికలలో స్థిరపడిన మాటే కనుక తప్పనలేము గాని, ‘దుస్’ అనే ఉపసర్గ ఫలితం చెడ్డదని ముందే తీర్పు చెప్పేస్తుంది. తేలికపాటి హీమోఫీలియా-ఎ, వాన్ విల్లెబ్రాండ్ వ్యాధి అనే రక్తస్రావపు జబ్బులు ఉన్నవారిలో చాలామందికి ఇచ్చే డెస్మోప్రెసిన్‌నే చూడండి. రక్తనాళాల లోపలి పొరలో నిలవ ఉన్న, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్రోటీన్ అయిన వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్‌ను రక్తంలోకి విడుదల చేయించి, అలాంటిదే మరో ప్రోటీన్ అయిన ఎనిమిదో ఫ్యాక్టర్‌ను కూడా పెంచే ఈ మందును 1977 నుంచి రక్తస్రావ నివారణకు వాడుతున్నారు. అయితే అది మూత్రం తగ్గించి నీటిని ఒంట్లో నిలిపివేస్తుంది. డయాబెటిస్ ఇన్సిపిడస్ (చక్కెర వ్యాధి కాదు, ఒంట్లో నీరు నిలవక మూత్రం అతిగా పోయే జబ్బు) రోగులకు ఆ గుణమే చికిత్స, వీరికి మాత్రం అదే చిక్కు. కాబట్టి శాస్త్రవ్యాసంలోనైతే ‘అనుషంగిక ప్రభావం’ (అసలు ఫలితంతో పాటు వచ్చేది) అనడమే నిర్దుష్టం. కరపత్రంలో ఆ మాట దగ్గర పాఠకుడు ఆగిపోతాడు.

నా అభ్యంతరం అసలు వేరు. ముఖం ఎర్రబడి వేడెక్కడం, తలనొప్పి, కాసేపు గుండెదడ వంటివి చాలావరకు వాటంతటవే తగ్గిపోతాయి. నీరు నిలిచి రక్తంలో సోడియం పడిపోవడం అలాంటిది కాదు; పసిపిల్లలలో అది మూర్ఛకు దారితీయవచ్చు కనుకనే రెండేళ్లలోపు వారికి సాధారణంగా ఈ మందు ఇవ్వరు, పెద్దవారిని కూడా ఆ తరువాత ఇరవైనాలుగు గంటలు నీళ్లు మితంగా తాగమంటారు. ‘నీళ్లు బాగా తాగండి’ అని కరపత్రాల చివర అలవాటుగా చేర్చే వాక్యం ఇక్కడ ప్రాణం మీదికి తేగలదు. ఈ రెండు రకాలనూ ‘దుష్ప్రభావాలు’ అన్న ఒకే శీర్షిక కింద వరుసగా పేరిస్తే తేడా కనబడదు.

ప్రశ్న: రక్తపు గడ్డ కరిగిపోకుండా ఆపే ట్రానెక్సమిక్ ఆమ్లానికి కూడా ఇదే పద్ధతి పనికివస్తుందా?

జవాబు: వికారం, విరేచనాల వరకు ఇబ్బంది లేదు. మూత్రంలో రక్తం పడుతున్నవారికి ఇస్తే రక్తపు గడ్డలు కరగక మూత్రనాళానికి అడ్డుపడవచ్చు. గడ్డను నిలిపి ఉంచడమే ఆ మందు పని కనుక దీనిని పక్క ప్రభావమనడం కూడా కష్టమే. నామవాచకాన్ని వదిలి, ‘మందు తీసుకున్నాక మామూలుగా ఏమనిపిస్తుంది’, ‘ఏం కనిపిస్తే వెంటనే వైద్యునికి చెప్పాలి’ అని రెండు శీర్షికలు పెట్టండి; తగ్గని తలనొప్పి, వాంతులు, మగత, మూర్ఛ రెండవదాని కింద రావాలి.