కుక్క ఛాతీలో గుండె ముందు గడ్డ: స్టెరాయిడ్ మొదలుపెట్టొచ్చా?

హన్మకొండ ల్యాబ్:
తొమ్మిదేళ్ల ఆడ లాబ్రడార్. దగ్గుతోంది, తిన్నది కాసేపటికే తిన్నట్టే బయటపడుతోంది. ఎక్స్‌రేలో గుండె ముందు పెద్ద తెల్లటి గడ్డ. లింఫోమా (లింఫోసైట్లనే తెల్ల రక్తకణాల క్యాన్సర్) కావచ్చు, ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ ఇద్దామంటున్నరు. ఇయ్యొచ్చా అన్నా? ముందు ఏ టెస్టు చేయించాలె?

స్లైడ్ మాస్టర్:
ఊపిరాడని పరిస్థితి లేకుంటే శాంపిల్ తీసేదాకా ఒక్క గోలీ కూడా వద్దు. స్టెరాయిడ్ పడితే లింఫోమా కణాలు తొందరగా చచ్చిపోతయ్, తర్వాత సూది పెట్టినా ఏమీ తేలదు. ఇంకో తిరకాసు: థైమోమాలో (గుండె ముందుండే థైమస్ గ్రంథి గడ్డ) ఉండే మామూలు లింఫోసైట్లు కూడా స్టెరాయిడ్‌కు రాలిపోతయ్, గడ్డ కుంచించుకుపోతుంది. తగ్గింది కాబట్టి లింఫోమానే అనుకుంటే మోసపోతరు.

అల్ట్రాసౌండ్ చూస్తూ 22 గేజ్ సూది పెట్టాలె. డాప్లర్‌తో (రక్తప్రవాహం చూపే అల్ట్రాసౌండ్) రక్తనాళాలు తప్పించాలె. థైమోమాలో నీటితిత్తులు ఎక్కువ, అక్కడ గుచ్చితే ఉత్త నీళ్లే వస్తయ్, గట్టి భాగం వెతకాలె. స్లైడ్లు ఐదారు చేసి గాలికి ఆరబెట్టండి. ఫార్మలిన్ సీసా పక్కన పెడితే ఆ ఆవిరికే రంగు సరిగ్గా పట్టదు, వేరే కవర్లో పంపండి.

పెద్ద లింఫోబ్లాస్టులే (ఎదగని లింఫోసైట్లు) ఒకే తీరుగా కనిపిస్తే లింఫోమా. చిన్న లింఫోసైట్లు, మధ్యలో మాస్ట్ కణాలు (అలర్జీలో పనిచేసే ఒక రకం కణాలు) ఉంటే థైమోమా వైపు మొగ్గు. దాని అసలు గడ్డ కణాలైన ఎపిథీలియల్ కణాలు సూదికి సరిగ్గా రావు, గందరగోళమంతా అక్కడే. అప్పుడు ఫ్లో సైటోమెట్రీ (కణాల మీది గుర్తులను బట్టి వాటిని లెక్కించే టెస్టు): సీడీ4, సీడీ8 అనే గుర్తులు రెండూ ఉన్న లింఫోసైట్లు 10 శాతం దాటితే థైమోమా వైపే.

గొంతు దిగని ముద్ద:
అందరూ గడ్డనే చూస్తున్నరు. ఓకరింపు, పొట్ట బిగింపు లేకుండా జారిపడితే అది వాంతి కాదు, తిండి అన్నవాహికలోంచే వెనక్కి వస్తున్నట్టు. అన్నవాహిక గాలితో ఉబ్బిందేమో అదే ఎక్స్‌రేలో చూడండి. థైమోమాతో మయస్థీనియా గ్రేవిస్ (కండరాలు, అన్నవాహిక కూడా బలహీనపడే రోగం) వస్తుంటది. దాన్ని తేల్చే ఎసిటైల్‌కోలిన్ రిసెప్టార్ యాంటీబాడీ టెస్టుకు రక్తం కూడా స్టెరాయిడ్ కంటే ముందే తీయాలె. 0.6 నానోమోల్/లీటర్ దాటితే పాజిటివ్. అప్పటిదాకా మెత్తటి ముద్దలు నిలబెట్టి తినిపించి, 15 నిమిషాలు అట్లనే ఉంచండి. దగ్గు ఊపిరితిత్తుల్లోకి తిండి పోయినందుకూ కావచ్చు. కాల్షియం పెరిగిందని తీర్పు చెప్పకండి, లింఫోమా, థైమోమా రెండింట్లోనూ పెరుగుతది.

హన్మకొండ ల్యాబ్:
పేడపురుగుతో వచ్చే స్పైరోసెర్కా అనే నులిపురుగు గడ్డ కాదు గదా?

స్లైడ్ మాస్టర్:
అది సాధారణంగా గుండె వెనక, అన్నవాహిక చివర్లో వస్తది. మీది ముందున్నది. అల్ట్రాసౌండ్ కోసం మామునూరు వెటర్నరీ కాలేజీకి ఫోన్ చేసి కనుక్కోండి. సీటీ స్కాన్‌కు తొందరపడకండి. లింఫోమా తేలితే కీమోనే, ఆపరేషన్ లేదు. థైమోమా అయితే సీటీ తప్పదు, గడ్డ పెద్ద సిరలోకి చొచ్చిందా లేదా చూడకుండా ఛాతీ తెరవరు.