ఆట మధ్యలో జర్కులు: కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనాల్సిందేనా?

బ్రాడీపేట_రైజెన్:
అందరికీ నమస్తే. మాది గుంటూరు. నా సిస్టమ్‌లో రైజెన్ 5 5600, బీ450 బోర్డు, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్ (ఒకటే స్టిక్), 8 జీబీ ఆర్‌ఎక్స్ 6600 కార్డు ఉన్నాయి. విండోస్ 11 చిన్న ఎస్‌ఎస్‌డీలో ఉంది, గేములన్నీ 1 టీబీ హార్డ్‌డిస్క్‌లో ఉన్నాయి. మానిటర్ 1080పీ, 75 హెర్ట్జ్.

అన్‌రియల్ ఇంజిన్ 5 (గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్)తో చేసిన ఒక ఓపెన్ వరల్డ్ గేమ్ ఆడుతున్నాను. పైన మూలలో ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) 70 దాకా చూపిస్తుంది. కానీ కొత్త ఏరియాలోకి వెళ్లినా, ఫైట్ మొదలైనా బొమ్మ ఒక్క క్షణం బిగుసుకుపోయి మళ్లీ కదులుతుంది. విజయవాడలో సిస్టమ్ అసెంబుల్ చేయించిన షాపులో అడిగితే, “కార్డు చాలట్లేదు, 30 వేలు పెట్టి పెద్దది వేయించుకో” అన్నారు. ఇంట్లో అంత డబ్బు అడగాలంటే టెన్షన్‌గా ఉంది. నిజంగా తప్పు కార్డుదేనా?

లబ్బీపేట_144:
తమ్ముడూ, షాపువాళ్లు చెప్పింది కరెక్టే. 8 జీబీ రోజులు అయిపోయాయి. 2020 నవంబరులో వచ్చిన పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ కన్సోళ్లు రెండింట్లోనూ 16 జీబీ మెమరీ ఉంది. ఇప్పుడొస్తున్న పెద్ద గేములు ఆ లెక్కన చేస్తున్నవే. వీడియో మెమరీ నిండిపోతే కార్డు మిగిలిన టెక్స్చర్లను (వస్తువుల మీద అతికించే బొమ్మలను) సిస్టమ్ ర్యామ్‌లో పెట్టుకుని, కావాల్సినప్పుడల్లా పీసీఐఈ (కార్డునూ బోర్డునూ కలిపే దారి) మీదుగా తెచ్చుకోవాలి. ఆర్‌ఎక్స్ 6600కి ఉన్నవే ఎనిమిది లేన్లు. కార్డు పీసీఐఈ 4.0ది అయినా నీ బీ450 బోర్డు 3.0 దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ఆ దారి ఇంకా ఇరుకు. సెట్టింగులు మార్చుకుంటూ కూర్చుంటే సెమిస్టర్ అయిపోతుంది తప్ప గేమ్ అవ్వదు. కొనేదేదో 12 జీబీ గానీ 16 జీబీ గానీ ఉన్న కార్డు చూసుకో.

పటమట_ఫ్రేమ్‌టైమ్:
లబ్బీపేట అన్న చెప్పిన పీసీఐఈ సంగతి నిజం. కానీ తమ్ముడు చెప్పిన లక్షణాలకు అది మందు కాదు. ఇంట్లో 30 వేలు అడిగే ముందు ఒక్క సాయంత్రం నేను చెప్పింది చేసి చూడమనండి.

మొదట ఆ ఎఫ్‌పీఎస్ అంకెను నమ్మడం మానేయాలి. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్ల టైమ్. నీ కౌంటర్ 70 చూపించిందనుకో. అందులో 69 ఫ్రేములు 12.3 మిల్లీసెకన్లకొకటి చొప్పున వచ్చేసి, మిగిలిన ఒక్క ఫ్రేమూ 150 మిల్లీసెకన్లు తినేసినా కౌంటర్ మాత్రం 70 అనే చెప్తుంది. కంటికి తగిలేది ఆ ఒక్క ఫ్రేమే. అందుకే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకుని, దాంతో వచ్చే రివాట్యూనర్‌లో ఫ్రేమ్‌టైమ్‌ని గ్రాఫ్‌గా పెట్టుకో. గీత తిన్నగా ఉంటే ఆట తిన్నగా ఉన్నట్టు. జర్క్ వచ్చినప్పుడల్లా గీత నిలువుగా లేస్తుంది. అదే స్క్రీన్ మీద వీడియో మెమరీ, ప్రాసెసర్ క్లాక్ (స్పీడు), టెంపరేచర్లు కూడా పెట్టుకో.

ఇప్పుడు గేమ్‌లో ఒకే దారిలో రెండుసార్లు నడువు. మొదటిసారి గీత ఎగిరెగిరి పడి, రెండోసారి అదే దారిలో తిన్నగా ఉంటే అది షేడర్ కంపైలేషన్. ఇదే అన్నిటికన్నా ఎక్కువమందిని కార్డు కొనుక్కునేదాకా తీసుకెళ్తోంది కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

నీళ్లు, మంటలు, పొగ ఇలా ప్రతిదాన్నీ తెర మీద ఎలా గీయాలో చెప్పే చిన్న ప్రోగ్రాములే షేడర్లు. వాటిని నీ కార్డుకు అర్థమయ్యే కోడ్‌లోకి మార్చాలి. ఆ పని చేసేది ప్రాసెసర్, కార్డు కాదు. కన్సోల్ అయితే ఒక మోడల్ కొన్న అందరి దగ్గరా ఒకే చిప్పు ఉంటుంది కాబట్టి గేమ్ చేసినవాళ్లే ముందుగా మార్చి పంపేస్తారు. పీసీలో ఒక్కొక్కరిదీ ఒక్కో కార్డు, ఒక్కో డ్రైవర్. గేమ్‌కీ కార్డుకీ మధ్య నడిచే డైరెక్ట్‌ఎక్స్ 12, వల్కన్ వచ్చాక దీన్ని ఎప్పుడు చేయాలన్నది ఎక్కువగా గేమ్ చేతికే వదిలేశారు. గేమ్ ముందే చేసుకోకపోతే, నువ్వు మొదటిసారి బాంబు విసిరిన క్షణాన ఆ పేలుడు షేడర్ కంపైల్ అవ్వడం మొదలవుతుంది. అది పూర్తయ్యేదాకా ఫ్రేమ్ ఆగుతుంది. నువ్వు కొత్త కార్డు వేశావనుకో, పాత కార్డు కోసం దాచుకున్న షేడర్లు దానికి పనికిరావు. అన్నీ మళ్లీ మొదటి నుంచి కంపైల్ కావాలి. డ్రైవర్ అప్‌డేట్ చేశాక రెండు రోజులు జర్కులు ఎక్కువగా ఉండటానికి కారణం కూడా ఇదే.

2022 ఫిబ్రవరిలో ఎల్డెన్ రింగ్ వచ్చినప్పుడు అప్పటికి మార్కెట్లో ఉన్న ఖరీదైన కార్డులు వేసుకున్నవాళ్లు కూడా పీసీలో జర్కులతోనే ఆడారు. అదే గేమ్, చేతిలో పట్టేంత గేమింగ్ పీసీ స్టీమ్ డెక్ మీద, దాని కంపెనీ వాల్వ్ చేసిన సాఫ్ట్‌వేర్ మార్పులతో ఇంకా తిన్నగా నడిచింది. డెక్‌లో ఉన్న చిప్పు ఆ కార్డుల పక్కన చాలా చిన్నది. ఇది గేమ్ చేసినవాళ్లు సరిదిద్దాల్సిన పని. దానికి గుంటూరులో ఓ స్టూడెంట్ 30 వేలు కట్టడమేంటి? నాకు కోపం వచ్చేది అక్కడే. అన్‌రియల్ ఇంజిన్ చేసే ఎపిక్ వాళ్లు కూడా అందులో ఈ సమస్య ఉందని ఒప్పుకుని, కొత్త వెర్షన్లలో షేడర్లను ముందే సిద్ధం చేసుకునే ఏర్పాటు పెట్టారు. గేమ్ మొదట్లో “షేడర్లు సిద్ధమవుతున్నాయి” అని బార్ కనిపిస్తే దయచేసి ఎవరూ స్కిప్ చేయకండి.

లబ్బీపేట_144:
బ్రో, అంతా షేడర్ల మీదికి తోసేస్తున్నావు. ఒకే దారిలో రెండోసారి, మూడోసారి కూడా జర్క్ వస్తే ఏం చెప్తావు? నేను 6 జీబీ కార్డు తీసేసి 12 జీబీది వేశాను. గేమ్‌లో ఊరి మధ్య మౌస్ గిర్రున తిప్పితే వచ్చే జర్కులు అదే రోజు పోయాయి. ప్రాసెసర్ మార్చలేదు, ర్యామ్ మార్చలేదు. నా కళ్లతో చూసిందాన్ని కాదంటే ఎలా?

పటమట_ఫ్రేమ్‌టైమ్:
కాదనట్లేదు. మీది వీడియో మెమరీ నిండిన కేసు. దానికి మీరు చేసిందే సరి. టెక్స్చర్లు అల్ట్రా నుంచి ఒక మెట్టు దించి చూసినా కొంత తేడా తెలిసేది, అది వేరే సంగతి. నేననేది ఒక్కటే. ఏ రకం జర్కో తేల్చకుండా కార్డు కొనమని ఎవరికీ చెప్పకూడదు. ఎప్పుడు వెళ్లినా సరిగ్గా అదే మలుపు దగ్గర ఆగితే అది కొత్త ఏరియా లోడ్ అవుతున్నప్పుడు వచ్చేది. దానికి డిస్కు, ప్రాసెసర్, గేమ్ కోడ్ చూడాలి.

మొగల్రాజపురం_ల్యాపీ:
మన ఊళ్లో ఉండి వేడి గురించి ఇంతవరకూ ఒక్కరూ మాట్లాడలేదేంటి? మేలో బయట 44 డిగ్రీలు. మా వైపు కొండరాళ్లు పగలంతా కాగి రాత్రి పదింటికి కూడా సెగలు కక్కుతుంటాయి. గదిలో పది డిగ్రీలు పెరిగితే చిప్పు మీదా దాదాపు అంతే పెరుగుతుంది. డిసెంబర్లో 85 దగ్గర ఆడే ల్యాప్‌టాప్ మేలో 95 దాటుతుంది. అప్పుడు ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి స్పీడు తగ్గించుకుంటుంది.

నా ల్యాప్‌టాప్‌లో ఆట మొదలుపెట్టిన కాసేపు అంతా బాగుంటుంది. తర్వాత క్లాక్ 4 గిగాహెర్ట్జ్ నుంచి 2 కిందికి పడిపోయి, మళ్లీ లేచి, మళ్లీ పడుతుంది. పడ్డప్పుడల్లా ఫ్రేములు పోతాయి. టెంపరేచర్లు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో థర్మల్ థ్రాట్లింగ్ (వేడికి స్పీడు తగ్గడం) దగ్గర ‘ఎస్’ అని ఎర్రగా కనిపిస్తుంది. వెనక కవర్ విప్పితే ఫ్యాన్ రెక్కలు శుభ్రంగానే ఉన్నాయి. ఫ్యాన్‌కీ దాని ముందున్న రాగి రేకులకీ మధ్య మాత్రం దుమ్ము గట్టిపడి అడ్డుగోడ కట్టింది. చిమటాతో పట్టి లాగితే మొత్తం ఒకే పొరగా ఊడొచ్చింది. బయట నుంచి బ్లోయర్ కొట్టినా అది ఎప్పటికీ కదిలేది కాదు. అది తీసి, చిప్పు మీది థర్మల్ పేస్టు మార్పించి, గేమ్‌ని 60 ఎఫ్‌పీఎస్‌కి లాక్ చేశాను. ఏసీ లేకుండా కూడా రాత్రిపూట హాయిగా ఆడుతున్నాను.

తొమ్మిదింటికి బాగుండి తొమ్మిదిన్నరకు చెడిపోయే ఆటకి కార్డు మార్చి లాభం లేదు. పెద్ద కార్డు ఇంకా ఎక్కువ వేడి వదులుతుంది కూడా.

పటమట_ఫ్రేమ్‌టైమ్:
అక్కా, లాక్ గురించి మీరు చెప్పింది డెస్క్‌టాప్‌లకూ వర్తిస్తుంది. 60 నుంచి 90 మధ్య ఊగే ఆట కన్నా 60 దగ్గర నిలకడగా ఉండే ఆట కంటికి హాయి. మన కుర్రాళ్లకు పెద్ద అంకె వదులుకోవడం ఎందుకో ప్రాణం మీదికొస్తుంది.

బ్రాడీపేట_రైజెన్:
అన్నా, మీరు చెప్పినట్టే చేశాను. మొదటిసారి నడిస్తే గ్రాఫ్ చాలాచోట్ల లేచింది, రెండోసారి సగానికి సగం తగ్గింది. కానీ వంతెన దాటిన చోట ప్రతిసారీ ఆగుతోంది. అప్పుడు టాస్క్ మేనేజర్‌లో హార్డ్‌డిస్క్ 100% చూపిస్తోంది. వీడియో మెమరీ 7.6 జీబీ దాకా వెళ్తోంది. టెక్స్చర్లు అల్ట్రాలో ఉన్నాయి. టెంపరేచర్లు 75 దాటలేదు. ర్యామ్ స్పీడ్ 2400 అని, స్లాట్లు నాలుగింట్లో ఒకటే వాడుతున్నట్టు ఉంది. స్టిక్ మీద స్టిక్కర్ మాత్రం 3200 అంటోంది.

ఇంకో విషయం. అప్పుడప్పుడు ఆటలోనే కాదు, పాటలు వింటున్నా సరే సౌండుతో సహా సిస్టమ్ మొత్తం ఒక సెకను తడబడుతోంది.

లబ్బీపేట_144:
8లో 7.6 నిండిందంటే నేను చెప్పిందే కదా!

పటమట_ఫ్రేమ్‌టైమ్:
అల్ట్రాలో నిండింది అన్నా. ఒక మెట్టు దించితే 1080పీ మానిటర్ మీద తేడా వెతికి చూడాల్సి వస్తుంది.

తమ్ముడూ, వంతెన దగ్గరిది హార్డ్‌డిస్క్ పని. తిరిగే డిస్కు నుంచి ఇప్పటి ఓపెన్ వరల్డ్ గేమ్ హాయిగా ఆడటం కుదరదు. గేమ్ వాళ్లే సిస్టమ్ రిక్వైర్‌మెంట్స్‌లో ఎస్‌ఎస్‌డీ కావాలని రాస్తున్నారు. నీ బోర్డు మీద ఎం.2 స్లాట్ ఖాళీగా ఉందో లేదో చూసి ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ వేసుకో. స్లాట్ నిండి ఉంటే సాటా ఎస్‌ఎస్‌డీ (కేబుల్‌తో తగిలించేది) అయినా చాలు.

తర్వాత ర్యామ్. నీది 3200 స్టిక్ అయినా బయోస్‌లో (బోర్డు సెట్టింగులుండే చోటు) ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని మీద రాసిన స్పీడులో నడిపే సెట్టింగ్) ఆన్ చేయలేదు కాబట్టి 2400 మీద, ఒకటే స్టిక్ కాబట్టి ఒంటి ఛానెల్‌లో నడుస్తోంది. అంటే సెకనుకు 19.2 జీబీ. అలాంటిదే ఇంకో స్టిక్ వేసి 3200 మీద నడిపితే 51.2 అవుతుంది. ప్రాసెసర్ పక్క నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్‌లో ఒకటి, నాలుగో స్లాట్‌లో ఒకటి పెట్టు. ఫ్రేముల మధ్య చిన్న చిన్న తడబాట్లు చాలావరకు దీంతోనే పోతాయి. ఎక్స్‌ఎంపీకి పైసా ఖర్చు లేదు, ఈ రాత్రే ఆన్ చేసుకో. కొత్త సిస్టమ్ ఇచ్చేటప్పుడు ఒకే స్టిక్ పెట్టి, అది కూడా తక్కువ స్పీడులో వదిలేసి, తర్వాత కార్డు మార్చుకోమనడం పద్ధతి కాదు. అసెంబుల్ చేయించుకునేవాళ్లు కౌంటర్ దగ్గరే బయోస్ తెరిపించి ర్యామ్ స్పీడ్ చూసుకోండి.

సౌండుతో సహా తడబడటం వేరే జబ్బు. రైజెన్ ప్రాసెసర్లలో ఎఫ్‌టీపీఎమ్ (ప్రాసెసర్‌లోనే ఉండే సెక్యూరిటీ ఏర్పాటు) ఆన్‌లో ఉంటే ఇలా జరుగుతుందని ఏఎండీ 2022 మార్చిలో ఒప్పుకుంది. ఏజీసా (బయోస్ కోసం ఏఎండీ ఇచ్చే కోడ్) 1.2.0.7తో వచ్చిన బయోస్‌లో సరిచేశారు. నీది అంతకన్నా పాతదైతే అప్‌డేట్ చెయ్. కానీ చేసేముందు రెండు జాగ్రత్తలు. బిట్‌లాకర్ (విండోస్‌లో డిస్కుకు వేసే తాళం) ఆన్‌లో ఉంటే రికవరీ కీ రాసి పెట్టుకో, తర్వాత విండోస్ తెరుచుకోకుండా ఆ కీ అడగొచ్చు. రెండోది, యూపీఎస్ లేకుండా బయోస్ జోలికి పోకు. ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేచిందంటే కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. అప్‌డేట్ మధ్యలో పోతే బోర్డు ఇక లేవకపోవచ్చు.

బ్రాడీపేట_రైజెన్:
యూపీఎస్ లేదన్నా, ఇన్వర్టర్ ఉంది. సిస్టమ్ ఆ లైన్ మీద లేదు.

మొగల్రాజపురం_ల్యాపీ:
అయితే యూపీఎస్ ఉన్న ఫ్రెండ్ ఇంటికి సీపీయూ పట్టుకెళ్లి చేసుకో తమ్ముడూ. ఇన్వర్టర్ లైన్ అయినా కరెంటు పోయి మారే ఆ క్షణంలో కొన్నిసార్లు సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది.

లబ్బీపేట_144:
సరే, ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ ముందు వెయ్యి. అవి ఎలాగూ వృథా పోవు. కానీ కొత్తగా సిస్టమ్ కట్టించుకునేవాళ్లకు మాత్రం నేను 8 జీబీ కార్డు వద్దనే చెప్తాను. పటమట బ్రో దీనికైనా ఒప్పుకుంటావా?

పటమట_ఫ్రేమ్‌టైమ్:
కొత్తగా కొనేవాళ్లకైతే ఒప్పుకుంటాను. ఉన్నది తీసేసి కొనేవాళ్లకు ఒప్పుకోను. తమ్ముడూ, టెక్స్చర్లు దించి, ఎక్స్‌ఎంపీ ఆన్ చేశాక అదే దారిలో నడిచి ఫ్రేమ్‌టైమ్ గ్రాఫ్ ఫొటో ఇక్కడ పెట్టు. ఎస్‌ఎస్‌డీ ఏ సైజుది కొనాలో అది చూశాక మాట్లాడుకుందాం.