లాంట్‌రాట్‌ను ‘కలెక్టర్’ అనవచ్చా?

ప్రశ్న: పందొమ్మిదో శతాబ్దపు ప్రష్యా (జర్మనీలో అతిపెద్ద రాజ్యం) మీద ఒక వ్యాసం అనువదిస్తున్నాను. ‘లాంట్‌రాట్’ అనే అధికారి అడుగడుగునా ఎదురవుతున్నాడు. ‘జిల్లా కలెక్టర్’ అని రాసేస్తే తప్పా?

జవాబు: వద్దనే అంటాను. కలెక్టర్ అనగానే మనకు తోచేది ఎక్కడి నుంచో వచ్చి, కొన్నాళ్లుండి, బదిలీ మీద వెళ్లిపోయే మనిషి. దత్త మండలాలను ఏలిన మన్రో స్కాట్లండ్ వాడు కదా! లాంట్‌రాట్ తీరు వేరు. ముఖ్యంగా తూర్పు ప్రష్యన్ రాష్ట్రాల్లో అతడు తరచుగా ఆ నేల మీది భూస్వామే. స్థానిక ప్రతినిధులు పేర్లు సూచిస్తే రాజు నియమించేవాడు. 1909లో జర్మనీ ఛాన్సలర్ అయిన బెత్‌మాన్ హోల్‌వెగ్‌నే చూడండి. 1886 నుంచి 1896 దాకా బెర్లిన్‌కు ఈశాన్యాన ఉన్న ఓబర్‌బార్నిమ్‌కు ఆయన లాంట్‌రాట్. కుటుంబ ఎస్టేటు హోహెన్‌ఫినో ఆ ప్రాంతంలోనే ఉంది. అంతకుముందు ఆ కుర్చీలో కూర్చున్నది ఆయన తండ్రే! పన్ను మదింపు, సైన్యానికి యువకుల ఎంపిక, పోలీసుల అజమాయిషీ, రోడ్లు, అన్నీ ఇరుగుపొరుగు వాళ్ల వ్యవహారాలే.

మరొకరు: తండ్రి తర్వాత కొడుకంటే మన మునసబు లాంటివాడే అన్నమాట. ఆ మాటే వాడితే?

జవాబు: మునసబు ఒక్క ఊరికి. లాంట్‌రాట్ చేతి కింద ‘క్రైస్’ అంతా ఉంటుంది. దాన్ని మన రెవెన్యూ డివిజన్‌తో పోల్చవచ్చు. వారసత్వం కూడా అక్కడ చట్టం కాదు, పలుకుబడి చేసిన పని. బెత్‌మాన్ న్యాయశాస్త్రం చదివే ఉద్యోగంలోకి వచ్చాడు. హోదా లెక్కన కలెక్టర్‌కు దగ్గరివాడు కావాలంటే, లాంట్‌రాట్‌ల పైన ఉండే ‘రెగీరుంగ్స్ ప్రెసిడెంట్’ను చూడాలి.

ఇంకో చిక్కుంది. కలెక్టర్ ఉద్యోగంలో ఉంటూ శాసనసభ్యుడు కాలేడు, ఆనాటి లాంట్‌రాట్ కాగలిగేవాడు. 1899లో రైన్, ఎల్బే నదులను కలిపే కాలువ కోసం ప్రభుత్వం బిల్లు పెడితే, ప్రష్యన్ సభలో ఉన్న పలువురు లాంట్‌రాట్‌లు దానికి వ్యతిరేకంగా ఓటేశారు. భూస్వాముల భయమల్లా ఆ కాలువ మీదుగా చవక విదేశీ ధాన్యం దిగుతుందని. బిల్లు ఓడింది. ప్రష్యా రాజూ, జర్మన్ చక్రవర్తీ అయిన కైజర్ విల్‌హెల్మ్‌కు కోపం వచ్చి, వాళ్లను పదవుల నుంచి తప్పించారు. ‘కలెక్టర్లు ప్రభుత్వ బిల్లును ఓడించారు’ అని తెలుగులో రాస్తే చదివేవాడికి మతి పోతుంది.

ప్రశ్న అడిగినవారు: అయితే ‘లాంట్‌రాట్’ అనే ఉంచి, మొదటిసారి వచ్చిన చోట ఒక వాక్యంలో వివరిస్తాను. బహువచనం ఎలా?

జవాబు: జర్మన్‌లో ‘లాంట్‌రేటె’. మనకు ‘లాంట్‌రాట్‌లు’ చాలు.