సోయాలో తెగులు తట్టుకునే రకం కోసం ఎక్కడ వెతకాలి?

సీతమ్మధార శ్రీను: మా బావ ఆదిలాబాద్‌లో సోయా వేస్తాడు. తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులొచ్చి చేనంతా పసుపెక్కింది, కాయ పట్టలేదు. 1994లో వచ్చిన జేఎస్ 335 రకాన్నే ఇంకా వేస్తున్నాడు. తట్టుకునే కొత్త రకాలకు మూలం ఎక్కడ దొరుకుతుంది?

ఎంవీపీ ల్యాబ్: పాత రకాల విత్తనాలు దాచే విత్తన నిధుల్లోనే. అమెరికాలో సోయా వేళ్ళను తినే సిస్టు నులిపురుగు 1954లో బయటపడింది. దాన్ని తట్టుకునే గుణం పెకింగ్, పీఐ 88788 లాంటి పాత విత్తనాల్లో దొరికింది. పీఐ 88788లో మూడు జన్యువులున్న ముక్క పది వరుస ప్రతులుగా ఉందని, రక్షణ దానివల్లేనని 2012లో తేలింది. పొలాల గట్లమీద తిరిగితే ఇది తెలిసేదా?

ఆనందపురం రైతు: నేను మినుము వేస్తాను బాబూ. మాకూ అదే పల్లాకు, అదే తెల్లదోమ. డీలరు ‘దీనికి పల్లాకు రాదు’ అని విత్తనం అంటగట్టాడు. లేత ఆకుల మీద పసుపు మచ్చలు మొదలై చేనంతా పాకింది. బిల్లు పట్టుకెళ్తే ‘మీ దగ్గర దోమ ఎక్కువ’ అన్నాడు. దోమ లేనిచోట చూసిన రకం నాకెందుకు?

ఎంవీపీ ల్యాబ్: ఇక్కడ మాట్లాడుతున్నది సోయా గురించండీ.

ఆనందపురం రైతు: దోమ పంట పేరు అడిగి వాలుతుందా?

గాజువాక: విత్తన నిధీ కావాలి, పొలంలో పరీక్షా కావాలి కదా!

ఎంవీపీ ల్యాబ్: డీలరు మాటకి పరిశోధకుల్ని తిడితే ఎలా? మూలం దొరికినంత మాత్రాన రకం తయారవదు. మూలం అడవి సోయాలో దొరికిందనుకోండి, అది తీగలా పాకుతుంది, గింజ సన్నం, కాయ ఎండగానే పగిలి రాలిపోతుంది. దాని గుణాన్ని మంచి రకంలోకి తేవాలంటే మళ్ళీ మళ్ళీ సంకరం చెయ్యాలి.

అగ్రి విద్యార్థిని, అనకాపల్లి: సార్, అమెరికాలో నులిపురుగును తట్టుకునే సోయా రకాల్లో దాదాపు అన్నిటికీ ఆ 88788నే వాడేశారు. పురుగు దానికి అలవాటుపడింది, రక్షణ తగ్గిపోతోంది. ఒక్క మూలాన్నే నమ్ముకుంటే అంతే. పల్లాకు పరీక్షలో అయితే రెండు వరసలకోసారి తెగులు పట్టే రకం నాటి, దోమమందు కొట్టకుండా వదిలేస్తారు. అలా నిలిచిందే నిలిచినట్టు.

ఎంవీపీ ల్యాబ్: జేఎస్ 20-29 లాంటి పల్లాకు తట్టుకునే రకాలు వచ్చాయిగా! 335ని వదలనిది రైతులే. దిగుబడి తగ్గితే మీరే కొనరు.

ఆనందపురం రైతు: ఇదిగో, అసలు మాట ఇప్పుడొచ్చింది. దిగుబడి చూసి రకం ఎంచేది మీరు, తెగులొస్తే అప్పు తీర్చేది మేము. పండిన ఏడు రెండు బస్తాలు తగ్గినా ఓర్చుకుంటాను, తెగులొచ్చిన ఏడు నాలుగైనా చేతికి రావాలి. ఎంపికప్పుడు ఆ లెక్క మమ్మల్నెవరైనా అడిగారా?

ఎంవీపీ ల్యాబ్: ఒక్క చేను చూసి రకం విడుదల చెయ్యలేం. చాలా ఊళ్ళలో, చాలా ఏళ్ళు చూడాలి.

ఆనందపురం రైతు: చూడండి. మందు కొట్టకుండా ఓ మడి నేనిస్తాను. కానీ ఏ తెగులుకి ఎక్కడ పరీక్షించారో సంచి మీద తెలుగులో రాయించండి.

సీతమ్మధార శ్రీను: మా బావకీ ఆ సంచే కావాలి.