అప్‌డేట్: స్టెన్సిల్ గోడ దాదాపు అయిపోయింది

టీవీ వెనక గోడకు స్టెన్సిల్ (డిజైన్ కత్తిరించిన షీట్ పెట్టి రంగు అద్దడం) వేస్తుంటే అంచుల కింద రంగు పాకుతోంది, ఏం చేయాలని అడిగాను కదా. స్పాంజి వాడమన్నవాళ్లకు థ్యాంక్స్, పని చేసింది. రంగులో కాస్త అద్ది, పాత పేపర్ మీద దాదాపు పొడిగా అయ్యేదాకా తట్టి, అప్పుడు గోడ మీద నేరుగా అద్దాలి. రుద్దితే మళ్లీ పాకుతుంది. పల్చగా అనిపిస్తే ఆరాక రెండో కోటు.

డిజైన్ మాత్రం మార్చేశాను. ఆన్‌లైన్‌లో దొరికే పువ్వులు ఎవరింట్లో చూసినా అవే! మా హన్మకొండ ఇంట్లో వరంగల్ కొత్తవాడ జంపఖానా ఉంది (వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ, అంటే ఆ ప్రాంతపు ప్రత్యేక వస్తువనే, గుర్తింపు వచ్చింది). దాని మీది మెట్లు మెట్లుగా ఉండే డైమండ్‌ని ప్లాస్టిక్ షీట్ మీద గీసి కత్తిరించాం. "జంపఖానా గోడెక్కిందా" అంటున్నారు అత్తమ్మ, మెచ్చుకోలో వెక్కిరింతో మరి. సీలింగ్ కింద వరుస ఒక్కటే మిగిలింది, అక్కడికి సగం షీట్ చాలు.